బొమ్మ మీద రాతలు: ఎడ్వర్డ్ లియర్ నీటిరంగుల గురించి నా అభిప్రాయం

పోయిన ఏడాది ఒక చిత్రలేఖన పోటీకి నేను పంపిన బొమ్మ తిరిగి వచ్చేసింది. ప్రైజు రాలేదని కాదు నా బాధ. అసలు పోటీకే తీసుకోలేదు. "బొమ్మ మీద ఏవేవో రాసి ఉన్నాయి. ఇది రఫ్ కదా, ఫెయిర్ ఎక్కడ?" అని అక్కడ కూర్చున్నాయన తమిళంలో అడిగారు. రాసింది తెలుగులో కాబట్టి అవి ఏమిటో ఆయనకు తెలియదు. నాకు తెలుసు గాని చెప్పడం చేతకాలేదు. తమిళంలో మార్కులు బాగానే వస్తాయి, కానీ ఆ క్షణంలో ఏ భాషలోనూ నోరు పెగల్లేదు.

ఆ బొమ్మ పులికాట్ సరస్సుది. మా నాయనమ్మ దాన్ని ప్రళయకావేరి అంటుంది. మా డ్రాయింగు మాస్టారు ఒక శనివారం తెల్లవారుజామునే మా ఏడుగురిని అక్కడికి తీసుకెళ్లారు. ఒక్కొక్కరికి ఒక పరీక్ష అట్ట, రెండు క్లిప్పులు, నాలుగు కాట్రిడ్జ్ కాగితాలు. రంగులు మాత్రం ఆయన సంచిలోనే ఉంచుకున్నారు. "ముందు పెన్సిలుతో గియ్యండి. ఏ చోట ఏ రంగు కనబడుతోందో ఆ చోటే రాయండి. టైము కూడా వెయ్యండి. వెలుగు మీకోసం ఆగదు" అన్నారు. అందుకని నా కాగితం మీద "6.40" అని, "నీళ్లు బూడిద, అంచున కాస్త పసుపు" అని, "పడవ పాత నీలం, కొత్త నీలం కాదు" అని ఉంటుంది. ఇంటికొచ్చి కొంత భాగానికే రంగు వేశాను. రంగు పల్చగా వేస్తే కింద అక్షరాలు కనబడుతూనే ఉంటాయి కదా. మాస్టారు అలాగే పంపమన్నారు. పంపాను. వెనక్కి వచ్చింది.

బుధవారం ఆయన బడికి రాగానే కోపంగానే అడిగాను, "మీరు చెప్పబట్టే కదా మాస్టారూ ఇలా అయింది" అని. ఆయన ఏమీ అనలేదు. పై బుధవారం ఆరు కలర్ జిరాక్సులు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇవి చూసి నాకు తిట్లు రాసి పెట్టు" అన్నారు. ఈ వ్యాసం అలా మొదలైంది. తిట్లు ఉన్నాయి, కానీ మాస్టారికి కాదు.

ఆ జిరాక్సులన్నీ ఎడ్వర్డ్ లియర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడివి. ఆ పేరు మా క్లాసులో కొందరికి తెలుసు, ఎందుకంటే లిమరిక్ అంటే ఏమిటో ఇంగ్లీషు టీచరు చెప్పినప్పుడు ఆయన పేరు వచ్చింది. ఐదు పాదాల్లో అర్థం పర్థం లేని సరదా పద్యాలు రాసిన మనిషి అని మాత్రమే రాసుకున్నాం. కానీ ఆయన బతికింది పద్యాల మీద కాదు. ఊరూరా తిరిగి నీటిరంగుల బొమ్మలు వేసి, కొన్నేళ్లు డ్రాయింగు పాఠాలు చెప్పి బతికాడు. మిగతా బొమ్మలు బడి కంప్యూటరులో చూశాను. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఆయన కాగితాలు వేలల్లో ఉన్నాయి, చాలావాటికి ఫోటోలు తీసి అందరికీ కనబడేలా పెట్టారు. అసలు కాగితాన్ని నేను చూడలేదు కాబట్టి కాగితం మందం, రంగు మెరుపు గురించి ఏమీ చెప్పను.

లియర్ 1812లో లండన్ దగ్గర పుట్టాడు. ఇరవై ఒక్కమంది పిల్లల్లో ఇరవయ్యోవాడు. తండ్రి వ్యాపారంలో దెబ్బతిన్నాక, ఇరవై ఒక్క ఏళ్లు పెద్దదైన ఆన్ అనే అక్క పెంచింది. బొమ్మలు గీయడం కూడా మొదట అక్కల దగ్గరే నేర్చుకున్నాడు. దాదాపు పదిహేనో ఏట నుంచి బొమ్మలు అమ్మి సంపాదించాడు. నాకిప్పుడు పదిహేనే. ఆ మాట చదివినప్పుడు మా అమ్మకి చూపించాను. "ఆయనకి పదో తరగతి పబ్లిక్ పరీక్ష లేదుగా" అంది.

పద్దెనిమిదేళ్లకే చిలుకల మీద పెద్ద పుస్తకం మొదలుపెట్టాడు. అప్పట్లో చాలామంది గడ్డి కూరిన చచ్చిన పక్షుల్ని పెట్టుకుని గీసేవారు. ఈయన బతికున్న చిలుకల దగ్గర కూర్చుని గీశాడు. 42 బొమ్మలు వచ్చాయి గాని డబ్బు రాలేదు. ఆ చిలుకలు నిజంగా బాగుంటాయి, ప్రతి చిలుకా మనల్ని అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది. కానీ అంత సన్నపు పని చేసి కళ్లు పాడయ్యాయి. దానికి తోడు చిన్నప్పటి నుంచి మూర్ఛ జబ్బు ఉంది, దాన్ని జీవితమంతా జనానికి తెలియనివ్వలేదు. ఉబ్బసం, చలి పడకపోవడం సరేసరి. 1837లో ఇంగ్లండు వదిలి రోముకు వెళ్లాడు. అప్పటి నుంచి ఇటలీ, గ్రీసు, అల్బేనియా, ఈజిప్టు, పాలస్తీనా, ఎక్కడా స్థిరంగా ఉన్నది తక్కువ.

ఇక బొమ్మల సంగతి. లియర్ పని చేసే తీరు తెలిస్తేనే ఆ బొమ్మలు అర్థమవుతాయి. ఎండలోనో గాలిలోనో కూర్చుని ముందు పెన్సిలుతో గబగబా గీస్తాడు. మూలన ఊరి పేరు, తారీఖు, గంట వేస్తాడు. ఒక వరుస నంబరు కూడా ఉంటుంది. తరవాత కొండ మీద, చెట్టు మీద, ఆకాశం మీద, ఏ రంగు ఉందో అక్కడే మాటల్లో రాస్తాడు. రాళ్లకి ఇంగ్లీషులో ఉండే మాటని కావాలనే తప్పు స్పెల్లింగుతో మూడక్షరాల్లో, ఆర్ ఓ ఎక్స్ అని రాసేస్తాడు. మా ఇంగ్లీషు టీచరు చూస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. ఆ తరవాత బసలోనో, ఇంటికి చేరాక చలికాలంలోనో, పెన్సిలు గీతల మీద సిరాతో మళ్లీ గీసి, రాసిపెట్టుకున్న మాటల్ని బట్టి పల్చటి రంగులు వేస్తాడు. అంటే ఆ మాటలు అలంకారం కాదు, అడ్రసు లాంటివి. రంగు తరవాత వచ్చి తన ఇంటిని తను వెతుక్కోవాలి.

ఈ కాగితాల్ని ఆయన మామూలుగా అమ్మేవాడు కాదు. అవి ఆయన సరుకు గోదాము. వాటిని చూసి మళ్లీ శుభ్రంగా, మాటలు లేకుండా, కొనేవాళ్ల కోసం వేరే బొమ్మలు వేసేవాడు. మొదటివి రఫ్, రెండోవి ఫెయిర్. పోటీలో నన్ను అడిగిన మాటే.

నా అభిప్రాయం ఇది: లియర్ ఫెయిర్ కాపీలకంటే రఫ్ కాపీలే గొప్పవి. ఊరికే అనడం లేదు, ఒక ఉదాహరణ చెబుతాను.

1874 జనవరిలో లియర్ డార్జిలింగ్ వెళ్లాడు. అప్పటి వైస్రాయి లార్డ్ నార్త్‌బ్రూక్ ఆయన పాత స్నేహితుడు, ఆహ్వానం ఆయనదే. మొదట 1872లో బయలుదేరి సూయెజ్ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడు. మళ్లీ ధైర్యం చేసి 1873 నవంబరులో బొంబాయిలో దిగాడు. అప్పటికి 61 ఏళ్లు. కాంచనగంగ బొమ్మ కావాలని ముందే అడిగినవాళ్లు ఉన్నారు. డార్జిలింగ్‌లో వేసిన చిన్న కాగితాల్లో ఆ కొండ ఒక పల్చటి నీలి గీత, దాని మీద ఏమీ వేయకుండా వదిలేసిన తెల్ల కాగితం. ఆ వదిలేసిన చోటే మంచు. చుట్టూ రాతలు. చూస్తుంటే చలిలో వేళ్లు కొంకర్లు పోతుండగా, మబ్బు మూసెయ్యకముందే ముగించాలని తొందరపడుతున్న మనిషి కనబడతాడు. తరవాత ఇంటి దగ్గర కూర్చుని పెద్ద తైలవర్ణ చిత్రాలు వేశాడు. 1879లో పూర్తి చేసినది ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారి దగ్గర ఉంది. అందులో అన్నీ ఉన్నాయి. ముందు దట్టమైన చెట్లు, వాటి మధ్య మనుషులు, లోయ, పొగమంచు, పైన తెల్లటి శిఖరం. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే దాని లోపం అనిపించింది నాకు. ఒక్క ఆకు కూడా మరిచిపోకుండా వేసినప్పుడు, ఆ కొండ అలా ఒక్క నిమిషం కనబడి మాయమయ్యేది అన్న సంగతే మరిచిపోయినట్టుంది. పెళ్లి ఆల్బములో ఫోటోలా అందరూ కదలకుండా నిలబడ్డారు.

మాస్టారు దీనికి ఒప్పుకోలేదు. "నీకు పెద్ద బొమ్మని కంప్యూటరులో అగ్గిపెట్టంత చూసి తీర్పు చెప్పే హక్కు లేదు" అన్నారు. అది నిజమే. అందుకే రాశాను. కానీ అభిప్రాయం మార్చుకోలేదు.

మరి రఫ్ అంత బాగుంటే ఫెయిర్ ఎందుకు వేశాడు? బతకడానికి. ఇక్కడ లియర్ మీద నాకు కోపం పోయి జాలి వచ్చింది. 1860ల్లో ఒక చలికాలం ఆయన అరవై నీటిరంగుల బొమ్మలు ఒక్కసారే మొదలుపెట్టాడు. ఒకటి ముగించి ఇంకొకటి కాదు. అన్నింటికీ ముందు గీతలు, తరవాత అన్నింటికీ వరసగా రంగులు, మన ఇంట్లో వడియాలు పెట్టినట్టు. ఆయనే వాటికి "టైరంట్స్" అని పేరు పెట్టుకున్నాడు, అంటే పీడించే నియంతలు అని. తన బొమ్మలకి తనే అలాంటి పేరు పెట్టాడంటే ఎంత విసిగిపోయాడో! అవి గోడలకి తగిలించి జనాన్ని పిలిచి చూపించి అమ్మేవాడు. ఆ రకం బొమ్మలు కొన్ని చూశాను. ఒకే సూర్యాస్తమయం ఊళ్లు మార్చుకుని వచ్చినట్టుంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా మాస్టారు మూడు బళ్లకి వెళ్తారు. గుమ్మిడిపూండి లైనులో ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కి, భుజాన సంచి, అందులో నీళ్ల సీసా, ఎండిపోయిన కేమెల్ ట్యూబులు, వాటిని కత్తిరించి లోపలి రంగు గీకి వాడతారు. పీరియడుకి ఇంత అని జీతం. ఆదివారాలు పెళ్లిళ్లకి థర్మకోల్ మీద వధూవరుల పేర్లు కోసి రంగులు వేస్తారు. ఒకసారి నేను "మీ సొంత బొమ్మలు ఎప్పుడు వేస్తారు?" అని అడిగాను. "ట్రైనులో" అన్నారు. జోకు అనుకున్నాను. తరవాత ఆయన చిన్న పుస్తకం చూశాను. పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు పొగగొట్టాలు, నిద్రపోతున్న పూలమ్మే ఆవిడ, అన్నింటి మీదా రాతలు, ఏ స్టేషను మధ్య ఏ స్టేషనో కూడా.

లియర్ పాఠాలు చెప్పిన సంగతి కూడా విచిత్రంగా ఉంటుంది. 1846లో ఆయన ఇటలీ పుస్తకం చూసి విక్టోరియా రాణి పిలిపించింది. పన్నెండు పాఠాలు. తను గీసినవి ముందు పెట్టి, చూసి గీయించేవాడు. రాజభవనంలో ఉన్న అందమైన వస్తువుల్ని చూసి ఆశ్చర్యపోయి, ఇవన్నీ మీకు ఎలా దొరికాయి అని రాణినే అడిగేశాడట. పెద్దల నుంచి వచ్చాయి అని ఆవిడ చెప్పిందట. మా క్లాసులో ఈ కథకి బాగా నవ్వారు. కానీ నాకు ముఖ్యమనిపించింది దాని తరవాతి సంగతి. రాణికే పాఠం చెప్పిన ఆ మనిషి, 1850లో, 37 ఏళ్ల వయసులో, లండన్‌లోని రాయల్ అకాడమీ బడిలో విద్యార్థిగా చేరాడు. కుర్రవాళ్ల పక్కన కూర్చున్నాడు. ఎందుకంటే తనకు మనిషి శరీరం గీయడం సరిగ్గా రాదని ఆయనకు తెలుసు. ఎవరూ నేర్పలేదు. బాగా వచ్చినట్టు నటించవచ్చు, రాణిగారి మాస్టారు కదా, ఎవరు అడుగుతారు? అయినా వెళ్లాడు.

అయితే నేర్చుకున్నాడా అంటే, లేదనే చెప్పాలి. ఇది నా రెండో ఫిర్యాదు. ఆయన మన దేశంలో వేసిన బొమ్మల్లో నేను చూసినంతవరకు మనుషులు చీమల్లా ఉంటారు. కాశీ, ఆగ్రా, హరిద్వారం, పూనా, హైదరాబాదు, మద్రాసు, కంచి, మహాబలిపురం, తంజావూరు, నీలగిరులు, మలబారు, సిలోను దాకా తిరిగాడు. ఏడాదికి పైగా. తాటిచెట్టుకి ఎంత శ్రద్ధ! ఒక్కో మట్ట ఎటు వంగిందో కనబడుతుంది. ఆ చెట్టు కింద కూర్చున్న మనిషికి మాత్రం తెల్లటి చుక్క, నల్లటి చుక్క, అంతే. తలపాగా, ఒళ్లు. ముఖం లేదు.

గీయడం రాకపోవడం ఒక కారణం, అది ఒప్పుకుంటాను. కానీ ఇంకొకటి ఉంది. 1873-74లో బీహారులో కరువు. నార్త్‌బ్రూక్ ప్రభుత్వం బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచిందని మా సోషల్ సార్ చెప్పారు. లియర్ సరిగ్గా ఆ చలికాలమే కాశీ నుంచి కలకత్తా వెళ్లాడు, ఆ దారి బీహారు మీదుగానే. నేను చూసిన కాగితాల్లో ఆ కరువు జాడ లేదు. వైస్రాయి అతిథి కళ్లకి కనబడలేదా, కనబడినా అది బొమ్మ కాదనుకున్నాడా? ఆయన ఆర్డర్లు కొండలకి, గుళ్లకి. కొనేవాళ్లు ఇంగ్లండులో ఉన్నారు. ఎవరి కోసం వేస్తున్నామో వాళ్ల గోడ బొమ్మలోకి వచ్చేస్తుందేమో.

మాస్టారు దీనికి వేరే జవాబు ఇచ్చారు: "నువ్వు పులికాట్ బొమ్మలో వల లాగుతున్న వాళ్లని ఎంత సైజులో వేశావు?" వెళ్లి చూసుకున్నాను. పడవలో రెండు నల్ల గీతలు. ఒకాయన పేరు కూడా అడిగాను ఆ రోజు, మాకు చేపలు చూపించారు, తెలుగే మాట్లాడారు. బొమ్మలో ఆయన ఒక గీత. నాకూ మనుషుల్ని గీయడం రాదు మరి. ఫిర్యాదు వెనక్కి తీసుకోను గాని, ఇకపై అది ఇద్దరి మీదా.

లియర్ వెంట తిరిగిన మనిషి ఒకడున్నాడు, జోర్జియో కొకాలి. 1856లో కోర్ఫు దీవిలో పనిలో చేరి, 1883లో చనిపోయేదాకా ఇరవై ఏడేళ్లు ఆయనతోనే ఉన్నాడు. ఇండియాకి కూడా వచ్చాడు, సిలోనులో జబ్బుపడ్డాడు. వంట, సామాను, కాగితాలు మోయడం, అన్నీ అతనే. లియర్ అతనికి చదవడం, రాయడం నేర్పాడు. రాణికి చెప్పిన పన్నెండు పాఠాల గురించి అందరూ చెబుతారు గాని, నాకు ఈ పాఠాలే నచ్చాయి. ఇటలీలో శాన్ రేమో అనే ఊళ్లో పక్కింటి కుర్రాడికి కూడా బొమ్మలు నేర్పాడు. ఆ కుర్రాడు పెద్దయ్యాక రాసిన జ్ఞాపకాల్లో ఒక దృశ్యం ఉంది. లియర్ మెల్లగా నడుస్తుంటాడు, వెనక జోర్జియో భోజనం, సామాను మోస్తూ వస్తుంటాడు. మంచి చోటు కనబడగానే లియర్ కూర్చుని, కళ్లజోడు పైకెత్తి, ఒంటికన్ను దుర్భిణితో చాలా నిమిషాలు ఊరికే చూస్తాడు. తరవాత దుర్భిణి పక్కన పెట్టి, ఒక్క ఊపున గీసేస్తాడు. పక్కన కూర్చున్న పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తాడు. పాఠం అంటే అదే, నోటితో చెప్పింది తక్కువ. నేను మాస్టారి దగ్గర నేర్చుకున్నదీ దాదాపు అలాగే. పులికాట్‌లో ఆయన మొదటి పావుగంట పెన్సిలు ముట్టుకోలేదు. మేం ఆయనకి గీయాలని లేదేమో అనుకున్నాం.

లియర్ 1888లో చనిపోయాడు. గోదాము కాగితాలు ఒక స్నేహితుడికి వెళ్లాయి, తరవాత 1929లో వాళ్ల కుటుంబం అమ్మేసింది. అప్పుడే అవి ఎక్కువమంది కంటపడ్డాయి. ఆ రాతలు తుడిచేయాలని ఎవరికీ తోచనందుకు సంతోషం. రాత ఉన్నచోట మనం ఆగుతాం. "ఇక్కడ ఊదా" అని చదివి, వేసిన రంగు చూస్తే అది ఊదా కాదు, ఎండలో ఏదో వేరే అయింది. మాట ఒకటి, రంగు ఒకటి. ఆ రెంటి మధ్య ఆ రోజు ఉదయం ఉంది. ఫెయిర్ కాపీలో మాట పోయింది, దానితో ఆ ఉదయమూ పోయింది.

ఈ ఏడాది పదో తరగతి కాబట్టి మా డ్రాయింగు పీరియడు తీసి లెక్కలకి ఇచ్చారు. మాస్టారు బుధవారాలు వస్తారు, ఎనిమిదో తరగతి దాకానే. ఇంటర్వెల్లులో కారిడారులో కనబడితే మాట్లాడతాం. ఈ వ్యాసం చదివి రెండు తారీఖులు సరిచేశారు, మూడో బడి వాళ్లు ఆయన్ని వచ్చే నెల నుంచి రావద్దన్నారని మాటల్లో చెప్పారు.

పత్రికలో ఈ వ్యాసం పక్కన నా పులికాట్ బొమ్మ వెయ్యమని తెలుగు టీచరుని అడిగాను. నలుపు తెలుపులోనే అచ్చవుతుందట. అయితే "పడవ పాత నీలం, కొత్త నీలం కాదు" అన్నది చదివేలా పెద్దగా వెయ్యమన్నాను.

(పదో తరగతి విద్యార్థిని)